ఇండియా ఓడిన రాత్రి ఆయన ఆకలి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా వారికి 41 ఏళ్ళు. నెమ్మదైన మనిషి. ఆదివారాలు మా పదకొండేళ్ళ బాబుని గ్రౌండ్‌కి తీసుకెళ్ళి బౌలింగ్ నేర్పిస్తారు. కానీ టీవీలో మన జట్టు ఓడిపోతే వేరే మనిషైపోతారు. భోజనం చేసి కూడా రాత్రి పదకొండుకి బిర్యానీయో, చికెన్ పకోడీయో తెప్పించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తింటారు. ఆరు నెలల కిందట హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 6.2 వచ్చింది, షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టరు చెప్పారు. మొన్న విసుగొచ్చి ఆఖరి ఓవర్లో టీవీ కట్టేశాను. ఆయన లేచి వెళ్ళిపోయి, లీలామహల్ సర్కిల్ దగ్గర పరోటాలు తిని అర్ధరాత్రి దాటాక వచ్చారు. మూడు రోజులు మాటల్లేవు. ఇప్పుడు బాబు కూడా "ఓడిపోయాం కదమ్మా, ఏమైనా తెప్పించు" అంటున్నాడు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, బాబు అన్న మాట ఇంకోసారి వినండి. "వాళ్ళు ఓడిపోయారు" అనలేదు, "ఓడిపోయాం" అన్నాడు. మీ వారికి జరిగేదీ అదే. ఆ పదకొండు గంటల ఆకలి కడుపులో పుట్టింది కాదు. ఎక్కడో జరిగిన ఓటమి తన సొంత ఓటమిలా గుచ్చుకుంటోంది.

2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో ఓడిన రాత్రి మీ ఇల్లు ఎలా ఉందో గుర్తు చేసుకోండి. 2024 జూన్ 29న బార్బడోస్‌లో 7 పరుగుల తేడాతో టీ20 కప్పు గెలిచిన రాత్రి కూడా. గెలిచినా తింటారు, నిజమే. కానీ అది నలుగురితో కేకలు పెడుతూ తినడం. ఓడినప్పుడు తినేది ఒంటరిగా, గబగబా, రుచి కూడా తెలియకుండా. మీరు పట్టించుకోవాల్సింది ఈ రెండోదాన్నే.

ఇది ఆయన ఒక్కరి బలహీనత కాదు. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ అభిమానుల మీద 2013లో ఒక పరిశోధన వచ్చింది. ఆదివారం తమ ఊరి జట్టు ఓడితే, సోమవారం వాళ్ళు తిన్న సంతృప్త కొవ్వు (నెయ్యి, వెన్న, మాంసంలో ఎక్కువగా ఉండే కొవ్వు) 16 శాతం పెరిగింది. గెలిస్తే 9 శాతం తగ్గింది. చివరిదాకా ఊరించి కొద్ది తేడాతో ఓడినప్పుడు ఈ ప్రభావం ఇంకా ఎక్కువ. టెన్షన్‌లో ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది మనసుని నూనె, కొవ్వు, తీపి వైపు లాగుతుంది. అందుకే ఆ సమయంలో పెరుగన్నం గుర్తు రాదు, పకోడీ గుర్తొస్తుంది.

ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. ఓటమి బాధలో ఉన్నవాళ్ళ చేత, తమ జీవితంలో తమకు ముఖ్యమైన విషయాల గురించి కాసేపు ఆలోచించి రాయించారు. అలా రాసినవాళ్ళలో ఆ తిండి యావ కనిపించలేదు. అంటే, మనిషికి తన విలువ మళ్ళీ గుర్తొస్తే చాలు, నోరు దానంతట అదే సర్దుకుంటుంది.

ఇప్పుడు ఆఖరి ఓవర్ సంగతి చూడండి. మీరు ఆయన ఆరోగ్యం కోసమే టీవీ కట్టేశారు. ఆయనకి మాత్రం అది ఆ రాత్రి రెండో ఓటమి, అదీ కొడుకు ఎదుట. పరోటాల దాకా తీసుకెళ్ళింది అదే అని నా నమ్మకం. ఇంకెప్పుడూ అలా చేయకండి. చాలా ఇళ్ళలో "వాళ్ళకి కోట్లు వస్తాయి, నీకేమొస్తుంది" అంటుంటారు. మీరు ఎప్పుడైనా అని ఉంటే ఆ మాటా మానేయండి. దెబ్బ మీద దెబ్బ అది.

మాట్లాడటానికి మ్యాచ్ లేని రోజు చూసుకోండి. గ్రౌండ్ నుంచి వచ్చి కాఫీ తాగే వేళ అయితే మంచిది. ముందు టీవీ కట్టేసినందుకు సారీ చెప్పండి. తర్వాత భయం ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "మీరు తినడం మీద నాకు కోపం లేదు. 6.2 అన్న అంకె చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు." రాత్రి మ్యాచ్ రోజుల్లో తిండి ఆర్డర్ చేసే యాప్ ఫోన్‌లోంచి తీసేయడం లాంటి నిర్ణయం ఆయన నోటి నుంచే రానివ్వండి. మీరు ఫోన్ దాచేస్తే లీలామహల్ సర్కిల్ ఎలాగూ ఉంది.

ఇక వంటింటి సంగతి. ఏడున్నరకి మొదలయ్యే మ్యాచ్ అయితే ఏడింటికే టీవీకి దూరంగా కూర్చుని భోంచేయండి. సంగటి, ఆకుకూర పప్పు ఉంటే కడుపు నిలకడగా ఉంటుంది. టీవీ ముందు తిన్న అన్నం తిన్నట్టే అనిపించదు. మ్యాచ్ మధ్యలో నోరు ఆడాలంటే చెనక్కాయలు పొట్టుతోనే ఉడకబెట్టి ఒక గిన్నెడు పెట్టండి. ఒలుచుకుంటూ తినాలి కాబట్టి చేతికి పని ఉంటుంది, వేగం తగ్గుతుంది. బొరుగులు తేలిగ్గా కనిపిస్తాయి గానీ షుగర్‌ను త్వరగా పెంచుతాయి, కొంచెమే పెట్టండి.

ఓడిన రాత్రి పది నిమిషాలు ఏమీ అనకుండా పక్కన కూర్చోండి. ఓదార్చొద్దు, మ్యాచ్ గురించి తీర్పులూ వద్దు. ఆ తర్వాత ఆయన విలువ ఆయనకు గుర్తొచ్చే మాట ఎత్తండి. "ఈ ఆదివారం వీడికి ఏం నేర్పిస్తున్నారు?" అని అడిగితే చాలు. కుదిరితే ముగ్గురూ వీధి చివరిదాకా నడిచి రండి. తండ్రి బౌలింగ్ గురించి చెబుతుంటే బాబు పక్కన నడుస్తూ వింటాడు. బాధ వస్తే ఏం చేయాలో వాడు నేర్చుకోవాల్సింది అక్కడ, బిర్యానీ పొట్లం దగ్గర కాదు.

ఒక్క జాగ్రత్త. మ్యాచ్ లేని రోజుల్లోనూ ఇలాగే తింటున్నా, దాచుకుని తింటున్నా, కడుపు నొప్పి పుట్టేదాకా ఆగలేకపోతున్నా, అది క్రికెట్‌తో పోయేది కాదు, మానసిక వైద్యుల్ని కలవాలి. హెచ్‌బీఏ1సీ చూసి ఆరు నెలలైంది కాబట్టి ఈ నెలలోనే మళ్ళీ చేయించండి. మీ ఊరి స్విమ్స్ ఆసుపత్రిలో షుగర్, హార్మోన్ల సమస్యలు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, ఆయనతో పాటు మీరూ వెళ్ళండి.

నాలుగైదు మ్యాచ్‌లు అయ్యాక నాకు మళ్ళీ రాయండి. బాబు ఏమంటున్నాడో తప్పకుండా రాయండి.