ముందు సీటు జరుగుతుంటే ఏడ చూడాలె

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ల చెప్పిన మాట నాకు నిద్ర పట్టనియ్యలేదు. "బ్రేకు కొట్టినప్పుడు సీటు ఒక్కసారి ముందుకు జరిగినట్టు అయితది పెద్దబాపూ, మళ్ల ఏం ఉండది" అన్నవు. నల్లగొండ నుంచి దేవరకొండ బడికి రోజూ నువ్వే కారు నడుపుకుంట పోయొచ్చేదానివి. ఫోన్ల మొత్తం చెప్తే సగం మర్చిపోతవని కూసొని రాస్తున్న. ఈ కాయితం చేతుల పట్టుకొని, ఇంటి ముందర బండి ఆపి, ఒక్కొక్కటి చూసుకుంట పో.

సీటు లూజంటే చాన మంది సుఖం సంగతనే అనుకుంటరు. నడుము నొప్పి పెడితే దిండు పెట్టుకుంటరు. నువ్వట్ల అనుకోకు. ఇప్పటి కార్లల బెల్టు పోయి టక్కున పడే బకిల్ ఉన్నది చూడు, అది చాన బండ్లల సీటుకే బిగించి ఉంటది. సీటు నేలను ఎంత గట్టిగ పట్టుకుంటే బెల్టు నిన్ను అంత గట్టిగ పట్టుకుంటది. గట్టి బ్రేకు కొట్టినప్పుడు మనిషి బరువుల ముప్పాతిక దాక ముందుకు తోస్తది. ఆ తోపుడుకు సీటు రెండు వేళ్లు జరిగిందంటే పెడల్ మీద కాలు లెక్క తప్పుతది. 60 వేగం మీద బండి సెకనుకు 16 మీటర్లకు మించి పోతది. కాలు సర్దుకునే అర సెకనుల బర్రె అడ్డమొచ్చిన జాగ దాటిపోతది. సీటు వెనక్కి జారితే ఇంకా కష్టం. పడిపోతున్నమని చెయ్యి స్టీరింగును గుంజుతది, అది మనం ఆపుకునేది కాదు.

ఇగ పనికి వద్దాం. బండిని సమానం జాగల ఆపు. ఇంజన్ బందు చేసి, హ్యాండ్‌బ్రేకు గుంజి, గేర్ల పెట్టు. సీటు కింద ఉన్నయన్ని బయటికి తియ్యి. కొన్ని బండ్లల జాకీ ఆడనే ఉంటది, దాని పట్టీ ఊడితే లటలట కొట్టుకొని సీటే ఊగుతున్నట్టు వినిపిస్తది. నీళ్ల సీసా ఉంటే మాత్రం మళ్ల ఆడ పెట్టకు. అది దొర్లి బ్రేకు పెడల్ కిందికి పోతే తొక్కుడు పడది.

తర్వాత పక్క సీటు చూడు, ఎడమ దిక్కుది. దాని వీపు పట్టె మీది అంచు పట్టి ఊపు. కొత్త బండిల కూడ ఇసుమంత ఆట ఉంటది, లేకుంటే సీటు ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప పట్టా, దాన్నే రైలు అంటం, అది జారనే జారది. ఎడమ సీట్ల మనిషి తక్కువ కూసుంటడు గనుక అది తక్కువ అరిగి ఉంటది. అదే నీకు కొలత. నీ సీటు దానికంటే ఎంత ఎక్కువ ఊగుతున్నదో చెయ్యికే తెలుస్తది.

ఇప్పుడు నేను షెడ్ల కుర్రగాళ్లకు అందరికంటే ముందుగాల నేర్పే ముచ్చట. సీటంటే ఒకటే వస్తువు కాదు, ఒకదాని మీద ఒకటి బిగించిన ముక్కలు. అన్నిటి కింద బండి నేల రేకు. దాని మీద బోల్టుల తోని బిగించిన కింది రైలు. దాంట్ల జారే పై రైలు. పై రైలు మీద సీటు చట్రం. ఎత్తు లేపే లివర్ ఉంటే ఆ నడుమల లింకులు. చట్రానికి వెనక వీపు పట్టె, ఆ రెండిటి నడుమ వీపు పట్టెను వంచే రిక్లైనర్. ఊగుడు ఎప్పుడైనా ఏవో రెండు ముక్కల నడుమనే పుడతది. ఆ రెండు ఏవో పట్టుకుంటే సగం రిపేరు అయినట్టే. పట్టుకోకుండ పానా ఎత్తితే బాగున్న బోల్టును కూడ పాడు చేస్తవు.

పట్టుకునుడు ఇట్ల. మీ ఆయనను సీట్ల కూసొని కాళ్లు నేలకు తన్నిపెట్టి ముందుకూ వెనక్కూ ఊగుమను. నువ్వు తలుపు తెరిచి కింద కూసో. బొటనవేలు ఒక ముక్క మీద, చూపుడు వేలు దాని పక్క ముక్క మీద, అతుకుకు చెరో దిక్కు ఆనించు. మొదలు నేలకూ కింది రైలుకూ నడుమ, తర్వాత రెండు రైళ్ల నడుమ, తర్వాత పై రైలుకూ చట్రానికీ నడుమ, ఆఖరికి వీపు పట్టె మూల కాడ. కంటికి ఆనని కదలిక వేలి చర్మానికి తెలుస్తది, రెండు వేళ్లు ఒకదాన్నొకటి దాటినట్టు అయితది. రైలు సందుల మాత్రం వేలు దూర్చకు, జారిందంటే నలుగుతది.

బడిల చాక్‌పీసులకు కొదవ లేదు గదా. ఒకటి తెచ్చి కింది రైలు మీదికెల్లి పై రైలు మీదికి అడ్డంగ గీత గియ్యి, రెండు పక్కలా. బోల్టు తల మీదికెల్లి రైలు మీదికి ఇంకో గీత. బండి నడపకుండ, మీ ఆయనను సీట్ల కూసొని మళ్ల గట్టిగ ఊగుమని చూడు. సీటును నువ్వు జరపకుండనే రైలు గీత విరిగితే లాక్ వదులుతున్నట్టు, బోల్టు గీత విరిగితే బోల్టు తిరుగుతున్నట్టు. నేను చూడకున్నా ఆ గీతలు చూసి చెప్తవు.

నువ్వు చెప్పిన దాన్ని బట్టి నాకు లాక్ మీదనే అనుమానం. బ్రేకుకు ఒక్క టక్కు, మళ్ల నిలబడుడు లాక్ లక్షణం. సీటు ముందర గుంజే రాడ్ ఉంటది గదా, అది వదిలినప్పుడు కింద రైలు పళ్ల నడుమ లాక్ ముక్క పోయి కూసుంటది. మంచి బండిల ఇది రెండు పక్కలా ఒకేసారి కూసోవాలె. ఒక పక్క కూసొని ఇంకో పక్క సగంల ఆగితే మెల్లగ నడిపినప్పుడు ఏం తెల్వది. బ్రేకు పడ్డప్పుడు ఆ పక్క ఒక పన్ను జరిగి, సీటు వంకరైతది.

పైగా నువ్వు కొన్నది పాత బండి. ఇదివరకు నడిపినాయన ఆరడుగుల మనిషి, ఏండ్ల సంది సీటు వెనకనే పెట్టుకున్నడు. నువ్వు పొట్టిదానివి, ముందటి పళ్ల కాడ కూసుంటున్నవు. ఎవ్వరూ వాడని ఆ పళ్లల్ల దుమ్ము, ఇసుక, పాత గ్రీజు కలిసి గట్టి ముద్ద అయి ఉంటది. మన దిక్కు ఎండకాలం దుమ్ము సంగతి నీకు చెప్పాలెనా. ఆ ముద్ద మీద లాక్ పూర్తిగ దిగది. అందుకని ఒక్కొక్క పన్ను కాడ ఆపి, రాడ్ వదిలి, లాక్ పడ్డ చప్పుడు విని, నడుముతోని ముందుకూ వెనక్కూ గట్టిగ తోసి చూడు. వెనక పళ్ల కాడ గట్టిగ ఉండి, నీ జాగల మాత్రం ఆడుతుంటే మురికి కావచ్చు. ఆ పెద్దమనిషి జాగల ఆడి మిగిలిన కాడ గట్టిగుంటే ఆడ పళ్లు అరిగినయన్నట్టు. అరిగిన దానికి రైలు మార్చుడు తప్ప మందు లేదు.

మురికైతే సీటు మొత్తం వెనక్కి జరిపి, పాత పండ్ల బ్రష్షుతోని ముందటి పళ్లను గీకి, వాక్యూమ్ ఉంటే గుంజు. మొత్తం ముందుకు జరిపి వెనక కూడ అట్లనే. ఒకసారి ఒక బండిల లాక్ పడకుంటే గంట సేపు వెతికిన. పళ్ల నడుమ ఒక రూపాయి బిళ్ల, దానికి అంటుకొని పల్లికాయ పొట్టు. బిళ్ల తీసినంక ఏ రిపేరూ లేకుండ టక్కున పడ్డది. శుభ్రమైనంక తెల్ల లిథియం గ్రీజు వేలికి అంటేటంత రాస్తే సాలు. ఇంజన్ ఆయిల్ పొయ్యకు, నెల దినాలల్ల దుమ్మును మళ్ల గుంజుకుంటది.

ఇగ బోల్టులు. సీటు వెనక్కి జరిపితే ముందటి రెండు, ముందుకు జరిపితే వెనకటి రెండు కనిపిస్తయి. ప్లాస్టిక్ మూతలు ఉంటే తియ్యాలె. చాన బండ్లల 14 నంబర్ సాకెట్ పడతది. నిన్న అడుగుడు మర్చిన, నువ్వు మొన్న సీటు కవర్లు వేయించుకున్నవు గదా, సీటు ఊగుడు ఆ తర్వాతనా మొదలైంది? కవర్లు ఎక్కించేటందుకు కొందరు సీటు ఊడదీస్తరు, మళ్ల పెట్టేటప్పుడు తొందరల రెండు బోల్టులు బిగించి, రెండు చేతితోనే తిప్పి వదిలేస్తరు. ఆ కవర్ కింద లాస్టిక్కు కొక్కేలు వేలాడుతయి, అవి పోయి లాక్ వైరుకు చుట్టుకుంటయి. రెండూ చూడు. నీ సీటు పక్కకు ఎయిర్‌బ్యాగు గుర్తు కుట్టి ఉంటే, ఆ కవర్ దాన్ని మూసిందేమో అది కూడ చూడు. మూసి ఉంటే ఆ కవర్ తీసెయ్యి. పైసలు పోతే పోనీ.

బోల్టు బిగించే పద్ధతి ఉంటది. నాలుగింటినీ చేతితోని తిప్పి కూసోపెట్టినంకనే పానా పెట్టాలె. రెండు రైళ్లు ఒకే పన్ను కాడ ఉండాలె. వంకరగ ఉన్నప్పుడు బిగిస్తే ఒక పక్క లాక్ ఎప్పటికీ పూర్తిగ పడది. ఎంత బిగించాల్నో ఆ బండి సర్వీస్ పుస్తకంల రాసి ఉంటది, షెడ్ల బిగువు కొలిచే టార్క్ పానాతోని ఆ లెక్కకే బిగించుమను. బలమున్నోడు బిగించుడు వేరు, లెక్కకు బిగించుడు వేరు.

బోల్టు బిగించినా మళ్లమళ్ల లూజైతుంటే కార్పెట్ లేపి రేకు చూడాలె. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. శ్రీశైలం కిరాయిలకు తిరిగే బండి ఒకటి వచ్చింది. మన్ననూరు దాటినంక మలుపుల సీటు కుడికి ఒరుగుతున్నదన్నడు డ్రైవరు. నాలుగు బోల్టులు బిగించి పంపిన. పది దినాలకు మళ్ల వచ్చిండు, మళ్ల బిగించిన. మూడోసారి ఈగలపెంట దిగుడుల సీటు లేచినంత పనైందని చెప్పిండు. అప్పుడు కార్పెట్ లేపిన. కింద తడి. ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకపోయి, నీళ్లు లోపలికే కారి, ఎన్ని దినాల సందో రేకును తింటున్నయి. బోల్టు పడే నట్టు రేకుకు వెల్డింగు చేసి ఉంటది, దాని చుట్టు వెంట్రుకంత పగులు, తుప్పు రంగుల అర్ధచంద్రం లెక్క. నేను బిగించినప్పుడల్లా నట్టు కూడ రేకుతోపాటు తిరిగింది. మొదటి రోజే వేలు రేకుకూ రైలుకూ నడుమ పెట్టి చూస్తే దొరికేది. ఆయన బండ్ల పిల్లలను ఎక్కించుకొని ఆ ఘాట్ దిగిండు. ఆ సంగతి నాకు ఇప్పటికీ గుండెల ఉన్నది.

అందుకని నీ బండిల కాళ్ల కింద కార్పెట్ అరచేత నొక్కి చూడు. తడిగున్నా, ముక్కిన వాసన వచ్చినా అది వేరే రోగం కాదు, ఇదే రోగానికి మొదలు కావచ్చు.

రిక్లైనర్ సంగతి తొందరగ తెలుస్తది. కింద కూసునే భాగం కదలకుండ వీపు పట్టె ఒక్కటే టక్‌టక్ అంటే అదే. లోపల గేరు పళ్లు అరుగుతయి, దాన్ని విప్పి బాగుచేసుడు ఉండది, ముక్క మార్చుడే. పై రైలుకూ చట్రానికీ నడుమ ఆట దొరికితే ఎత్తు లేపే లింకుల బుష్షులు అరిగినట్టు. ఎత్తు లివర్ కొట్టి లేపినంక సీటు తనంతట తాను మెల్లగ దిగుతుంటే కూడ అదే భాగం.

రెండు పనులు మాత్రం ఎవ్వరు చెప్పినా ఒప్పుకోకు. ఒకటి, రైలుకు వెల్డింగు. "రెండు చుక్కలు పెడితే కదలది" అంటరు. ఆ ఉక్కును కాల్చితే దాని గట్టితనం పోతది, పెద్ద దెబ్బకు ఆడనే తెగుతది. మన దేశంల సీటు, దాని బిగింపు ఎంత బలానికి తట్టుకోవాల్నో ప్రమాణమే ఉన్నది, ఆ పరీక్ష నెగ్గిన రైలు వెల్డింగు చేసినంక ఆ రైలు కాదు. రెండోది, సీటు కింద పచ్చ రంగు వైరు గూడు ఉంటది, పసుపు లెక్క. అది ఎయిర్‌బ్యాగుది, బెల్టు గుంజే దానిది. బండి తాళంచెవి తిప్పి కరెంటు ఆన్‌ల ఉండంగ దాన్ని ఊడదీయొద్దు. సీటు బయటికి తీసే పని పడితే బ్యాటరీ మైనస్ తీసి, కొన్ని నిమిషాలు ఆగినంకనే ముట్టాలె, అది తెలిసినోడే ముట్టాలె.

2019 జూలై 1 నుంచి తయారైన కార్లల డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి, నీ బండి ఆ తర్వాత తయారైందైతే దాంట్ల కూడ ఉంటది. నీ ఛాతీ ఎముకకూ స్టీరింగు నడిమికీ కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు మీద రెండు వేళ్లు ఎడం ఉండాలె. నువ్వు ఇప్పటికే దగ్గర కూసుంటున్నవు, సీటు ఇంకో పన్ను జరిగితే ఆ ఎడం ఉండది.

ఇది తేలేదాక బండి తియ్యకు. దేవరకొండకు బస్సులున్నయి, రెండు దినాలు పొద్దున జర ముందుగాల లేస్తే అయితది. చూసినయన్ని కాయితం మీద రాసి పెట్టు: ఏ పన్ను కాడ ఆడింది, ఏ రెండు ముక్కల నడుమ వేలికి తెలిసింది, కార్పెట్ తడా పొడా. కార్పెట్ పొడిగ ఉండి, రేకు కాడ ఆట లేకుంటే ఆదివారం పొద్దున గడియారం సెంటర్ దాక మీ ఆయనతోని మెల్లగ పట్టిచ్చుకొని రా, నేను ఆడ ఎదురుంగ వచ్చి షెడ్డుకు తీస్కపోత. రేకు కాడ ఆట దొరికితే మాత్రం కదిలియ్యకు, ఫోన్ చెయ్యి, నేనే పానాలు పట్టుకొని మీ ఇంటికి వస్త. చాక్ గీతలు చెరపకు.

పైలం బిడ్డా.

మీ పెద్దబాపు