ముందున్న సున్నా మింగేస్తే ఎట్ల అబ్బీ

అబ్బీ,

క్లౌడ్ అకౌంట్లు చూసుకునే టూల్స్ మీద నువ్వు రాసి పంపిన డాక్, అదే ఆ గైడ్, నిన్న రాత్రి చదివినా. మధ్యలో కరెంట్ పోయింది, కడపలో ఎండాకాలం సంగతి నీకు తెలియంది కాదు, సెల్ లోనే మిగతాది చదివినా. రాసింది నీట్‌గా ఉంది, స్క్రీన్‌షాట్లకి బాణం గుర్తులు కూడా పెట్టినావు, కష్టపడినావని తెలుస్తాంది. గాని ఆ బాణాలు ఎవరికోసం పెట్టినావు? దీన్ని చదివేది ఏఐ ఏజెంట్ కదా, అంటే మనం చెప్పిన పనిని టూల్స్ పిలిచి తానే చేసే ప్రోగ్రామ్. దానికి కనపడేది టూల్ పేరు, దాని కింద డిస్క్రిప్షన్, ఏ ఇన్‌పుట్ ఏ టైపో చెప్పే స్కీమా, అంతే. 2024 నవంబర్లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ వాళ్లు ఎంసీపీ, అంటే ఏఐకి టూల్స్ తగిలించే ఉమ్మడి పద్ధతి, బయటపెట్టినప్పట్నుంచి చానామంది టూల్స్ ఇదే పద్ధతిలో ఇస్తాండారు, కాబట్టి నీ పది పేజీల గైడ్ కన్నా ఆ నాలుగు లైన్ల డిస్క్రిప్షనే అసలు డాక్ అనుకో.

మనిషికి అనుమానం వస్తే పక్క సీటోన్ని అడుగుతాడు, లేదంటే టీకి పోయొచ్చి మళ్లీ చూస్తాడు. ఏజెంట్ చానాసార్లు అడగదు, ఉన్నదాన్ని బట్టి ఊహించుకుని పని చేసేస్తాది. మా ఇంటికి కోస్తా నుంచి చుట్టాలబ్బాయి వచ్చినాడు ఒకసారి, మా అమ్మ అంగడికి పోయి బ్యాళ్లు తీస్కరా నాయనా అనింది, మనకి బ్యాళ్లంటే కందిబ్యాళ్లే కదా, వాడు పాపం అంగడోన్ని అడగడానికి సిగ్గుపడి తనకి తోచిన శెనగపప్పు తెచ్చినాడు. తప్పు వాడిదా? మా అమ్మ ఇప్పటికీ వాడిదే అంటాది అనుకో.

నీ డాక్‌లో అట్లాంటి బ్యాళ్లు చానా ఉండాయి. రిమూవ్ అకౌంట్ అని టూల్ పెట్టి ‘అకౌంట్‌ని తీసేస్తుంది’ అని ఒక్క లైన్ రాసినావు. యాడ నుంచి తీసేస్తాది? అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఆర్గనైజేషన్ (చానా అకౌంట్లని కలిపి పెట్టే గుంపు) నుంచి అకౌంట్‌ని బయటికి పంపడం వేరు, అకౌంట్ క్లోజ్ చేయడం వేరు. మొదటిదాంట్లో అకౌంట్ బతికే ఉంటాది, కాకపోతే దాని బిల్లు అదే కట్టుకోవాల. రెండోదాంట్లో 90 రోజులు సస్పెండ్‌లో ఉంటాది, ఆ లోపల అయితే వెనక్కి తెచ్చుకోవచ్చు, దాటితే ఇంక రాదు. గూగుల్ క్లౌడ్‌లో ప్రాజెక్ట్ డిలీట్ చేస్తే ఆ గడువు 30 రోజులే, పైగా ఆ ప్రాజెక్ట్ ఐడీ మళ్లీ వాడుకోను కుదరదు. ఇవన్నీ డిస్క్రిప్షన్‌లో మొదటి వాక్యంలోనే ఉండాల, ఎక్కడో ఎనిమిదో పేజీలో నోట్ అని కాదు. ఈ టూల్ ఎప్పుడు వాడకూడదో, అప్పుడు దాని బదులు ఏది వాడాలో కూడా అక్కడే రాయి. డిస్ట్రక్టివ్, రీడ్ ఓన్లీ అని గుర్తులు పెట్టే సౌకర్యం ఎంసీపీలో ఉంది, పెట్టు, గాని అవి హింట్లు మాత్రమే. నిజంగా ఆపాలంటే ఎవరు ఏం చేయొచ్చో తేల్చే ఐఏఎం పర్మిషన్ల దగ్గరే ఆపాల, అది మన రాతతో అయ్యే పని కాదు.

ఇప్పుడు నా పరువు తీసుకునే కథ ఒకటి. పాత కంపెనీలో ఇట్లాంటి టూల్‌కే అకౌంట్ ఐడీ టైపు నంబర్ అని రాసినా, అంకెలే కదా అని. ఏడబ్ల్యూఎస్ ఐడీ 12 అంకెలు, కొన్ని సున్నాతో మొదలైతాయి, నంబర్ అంటే ముందున్న సున్నా ఎగిరిపోయి 11 మిగిలినాయి. టూల్ ఏమో ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని మాత్రం చెప్పింది, ఏజెంట్ అదే కాల్ మళ్లీ మళ్లీ కొట్టింది, రెండు రోజులు మేమంతా పర్మిషన్లలో తప్పు వెతుకుతా కూర్చున్నాం. స్ట్రింగ్ (ఉన్నదున్నట్టు అక్షరాల మాదిరి తీసుకునే టైపు) అని పెట్టి, ‘12 అంకెలు, ముందు సున్నా ఉంటే ఉంచాలి’ అని ఒక ముక్క రాసుంటే అయిపోయేది. అప్పట్నుంచి ఎర్రర్ మెసేజ్‌లు కూడా నేనే రాస్తానని డెవలపర్ల దగ్గర గొడవపెట్టుకుంటా, ఎందుకంటే ఏజెంట్ ఎర్రర్‌ని కూడా చదివే తర్వాతి అడుగు వేస్తాది.

క్రియేట్ అకౌంట్ దగ్గర ఇంకో చిక్కు ఉంది, నువ్వు అసలు ముట్టుకోనేలేదు. పిలిచిన వెంటనే అకౌంట్ తయారు కాదు, రిక్వెస్ట్ ఐడీ ఒకటి ఇచ్చి ‘ఇన్ ప్రోగ్రెస్’ అంటాది, స్టేటస్ విడిగా అడగాల. ఆ సంగతి రాయకపోతే ఏజెంట్ పని కాలేదనుకుని మళ్లీ పిలుస్తాది, ఆ ఈమెయిల్ ముందే ఉందని ఎర్రర్ వస్తాది, అప్పుడది ఈమెయిల్ కొంచెం మార్చి ఇంకో అకౌంట్ తెరిచినా ఆశ్చర్యపోవద్దు. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్, అంటే ఆడుండే డేటా సెంటర్ల గుంపు, కూడా అంతే, ముంబై మాదిరి ముందే ఆన్‌లో ఉండదు, అకౌంట్‌లో ఎనేబుల్ చేసుకోవాల, ఒక లైన్ చాలు.

అట్లని అన్నీ కుక్కొద్దు. టూల్స్ డిస్క్రిప్షన్లన్నీ ఏజెంట్ కాంటెక్స్ట్‌లోకే పోతాయి, అంటే అది ఒకేసారి చూడగలిగే కొంచెం జాగాలోకి, ‘ఈ శక్తివంతమైన టూల్ ద్వారా మీరు సులభంగా’ లాంటి మాటలు మార్కెటింగ్ వాళ్లకి వదిలేయి.

స్క్రీన్‌షాట్లు తీసేసి రిమూవ్, క్లోజ్, క్రియేట్ ఈ మూడే మళ్లీ రాయి. టెస్ట్ అకౌంట్‌లో ఒక ఏజెంట్‌కి ఆ డిస్క్రిప్షన్లు మాత్రమే ఇచ్చి, మీ ఆఫీసోళ్లు మామూలుగా ఎట్ల అడుగుతారో అట్లనే ‘ఆ పాత అకౌంట్ తీసేయ్’ అని అడుగు. ఏ టూల్ ఎత్తుకుంటాదో, ఏ అకౌంట్ అని తిరిగి అడుగుతాదో లేదో రాసుకో. ఆదివారం ఏడురోడ్ల దగ్గరికి రా, కారం దోసె తింటా ఆ లాగ్ చూద్దాం, ల్యాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టుకుని రా.

మీ అన్న