70ల నాటి కార్వెట్ కొనొచ్చా? కొంటే రోజూ నడపొచ్చా?

మీరు న్యూజెర్సీలో ఉంటున్నారు, 70ల చివరి షెవ్రొలే కార్వెట్ ఒకటి అందుబాటు ధరలో కనిపిస్తోంది. మెకానిక్ పని రాని మనిషి దాన్ని కొనొచ్చా, రోజూ ఆఫీసుకు వేసుకెళ్లొచ్చా అని అడిగారు. నా దగ్గర 1977 కార్వెట్ ఉంది. ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. ఉద్యోగం సాఫ్ట్‌వేరే, పానా పట్టుకోవడం ఈ కారు వచ్చాకే నేర్చుకున్నాను. నా మాట ఏమిటంటే, కొనండి. రోజూ ఆఫీసుకు మాత్రం వద్దు. అలాగని కవరు కప్పి దాచిపెట్టినా పాడవుతుంది, చలికాలం తప్ప వారం పది రోజులకోసారైనా రోడ్డెక్కించాలి.

అది చవగ్గా ఎందుకు దొరుకుతోందో ముందు చెబుతాను. 1968 నుంచి 1982 దాకా వచ్చినవాటిని మూడో తరం, అంటే సీ3 అంటారు. 1972 వరకు వచ్చిన వాటికి ముందూ వెనకా క్రోమ్ బంపర్లు ఉంటాయి, జనం ఎగబడేది వాటికోసమే. 1973లో ముందు బంపర్, 1974లో వెనకది యురేథేన్ తొడుగులోకి మారిపోయాయి. 1975లో సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది, మామూలు ఇంజన్ పవర్ 165 హార్స్‌పవర్‌కు పడిపోయింది. నా 1977 బండికి 180. ఇప్పుడొస్తున్న హైబ్రిడ్ టొయోటా కామ్రీకి 225 ఉంది, కాబట్టి సిగ్నల్ దగ్గర కామ్రీతో పందెం పెట్టుకోకండి. పైగా 1977 ఒక్క ఏడాదే 49,213 కార్వెట్లు తయారయ్యాయి, అరుదైన వస్తువు కూడా కాదు. రేపు అమ్మి లాభం తీద్దామనుకునేవాళ్లు వీటి జోలికి రారు. నడుపుకుందామనుకునే మనలాంటివాళ్లకు అదే కలిసొచ్చింది.

ఇంకో సుఖం ఏమిటంటే, 1975 నుంచి వీటికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంది. అంతకుముందు మోడళ్లలో స్పార్కు కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్లు ఉండేవి, వాటి గ్యాప్ మధ్యమధ్యలో సరిచేసుకుంటూ ఉండాలి. కొత్తవాళ్లు 1975 తర్వాతి కారు తీసుకుంటే ఒక తలనొప్పి తగ్గినట్టే.

అందరూ ఇంజన్ గురించి టెన్షన్ పడతారు. నిజానికి ఈ కారులో అతి తక్కువ ఇబ్బంది పెట్టేది ఇంజనే. 350 క్యూబిక్ అంగుళాలు, అంటే 5.7 లీటర్ల చిన్న బ్లాక్ వీ8. ఇదే కుటుంబపు ఇంజన్లు షెవ్రొలే పికప్ ట్రక్కుల్లో, కమారోల్లో లెక్కలేనన్ని తిరిగాయి. వాటర్ పంపు, ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ ఊళ్లో ఏ ఆటో పార్టుల షాపులో అడిగినా ఇస్తారు. ఒక్క ఆయిల్ విషయంలో జాగ్రత్త పడండి. ఇందులో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ మీద ట్యాపెట్లు (వాల్వులను నెట్టే చిన్న ముక్కలు) రోలర్లు లేకుండా నేరుగా రుద్దుకుంటాయి. ఆ రాపిడిని కాచుకునేది ఆయిల్లో కలిపే జింక్. కొత్త కార్ల కోసం చేసే ఆయిళ్లలో కాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా ఆ జింక్ తగ్గించేశారు. అందుకని పాత ఇంజన్లకని ప్రత్యేకంగా అమ్మే ఆయిలే వాడండి. ఫిల్టర్‌తో కలిపి 5 క్వార్టులు పడుతుంది.

డబ్బు ఖర్చయ్యేది తుప్పు దగ్గర. కార్వెట్ బాడీ ఫైబర్‌గ్లాస్, తుప్పు పట్టదు. చాలామందిని మోసం చేసేది కూడా అదే. పైన పెయింట్ మిలమిలలాడుతుంటుంది. లోపల ఛాసిస్ ఇనుమే. క్యాబిన్ చుట్టూ, ముందు అద్దం చుట్టూ ఉండే ఫ్రేమూ ఇనుమే. దీన్ని ఇక్కడివాళ్లు బర్డ్‌కేజ్ అంటారు. ముందు అద్దం మూలల్లోంచి నీళ్లు దిగి, తలుపు కీళ్లుండే స్తంభాల అడుగున చేరి నిలుస్తాయి. అక్కడ తినేసిందంటే బాగు చేయాలంటే బాడీ మొత్తం విప్పాల్సిన పని, కారు ధర కన్నా బిల్లు ఎక్కువవుతుంది. కొనేముందు కాళ్ల దగ్గర పక్కనుండే ప్లాస్టిక్ ప్యానెళ్లు విప్పించి, టార్చి వేసి చూడండి. కార్పెట్ ఎత్తి తడి ఉందేమో తడమండి. వెనక చక్రాలకు కాస్త ముందు ఛాసిస్ పైకి వంగే చోట స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తిన్నది మొద్దుగా పలుకుతుంది. విప్పనివ్వనన్న ఒక అమ్మకందారు దగ్గరనుంచి నేను మారు మాట్లాడకుండా వచ్చేశాను.

ఫైబర్‌గ్లాస్ వల్ల ఇంకో చిత్రం ఉంది. మామూలు కారులో బాడీయే ఎర్త్. ఇందులో బాడీలోంచి కరెంటు పోదు కాబట్టి ప్రతి లైటుకూ, మీటరుకూ విడిగా ఎర్త్ వైరు ఉంటుంది. దాని కొస తుప్పు పట్టిందంటే ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్ మినుకుమంటుంది, పెట్రోల్ ముల్లు ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. కొత్త సామాను కొనేముందు ఎర్త్ కొసలన్నీ గరుకు కాగితంతో రుద్ది బిగించండి. నా కారులో లైట్ల గోల చాలామటుకు ఆ దెబ్బతోనే పోయింది.

ఇక బ్రేకులు. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీరు అడిగినా అడగకపోయినా ఇది మీ ప్రాణానికి సంబంధించింది. 1965 నుంచే కార్వెట్‌కు నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, డిస్కును నొక్కి పట్టే ఒక్కో క్యాలిపర్‌లో నాలుగు పిస్టన్లు. ఆ కాలానికి గొప్ప ఏర్పాటే. కానీ క్యాలిపర్ పోత ఇనుముతో చేసింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కారు నిలబడి ఉంటే ఆ తేమకు పిస్టన్ కదిలే గోడలు గుంటలు పడతాయి, రబ్బరు సీలు పట్టు వదిలేస్తుంది. దీనికి మందు, గోడలకు స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్ వేసిన క్యాలిపర్లు. నాలుగూ ఒకేసారి మార్చేయండి.

నాకు అంతటితో తెమల్లేదు. ఒక వర్క్‌షాపులో కొత్త క్యాలిపర్లు వేయించాను. కొన్నాళ్లు బాగానే ఉంది, తర్వాత పెడల్ మళ్లీ మెత్తబడింది. ఎక్కడా ఆయిల్ కారడం లేదు. బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీయిస్తే బాగవుతుంది, మళ్లీ అదే కథ. చివరికి శనివారం పొద్దున కార్లవాళ్లు చేరే చోట ఒక పెద్దాయన కారు కిందకి దూరి, వెనక డిస్కులు ఎవరో మార్చినట్టున్నారే అన్నాడు. సంగతి ఏమిటంటే, ఫ్యాక్టరీలో వెనక డిస్కును స్పిండిల్‌కు, అంటే చక్రం ఇరుసుకు, రివెట్లు కొట్టి బిగించేవారు. మధ్యలో ఎవరో ఆ రివెట్లు తొలిచి కొత్త డిస్కు పెడితే, అది తిరిగేటప్పుడు కంటికి కనిపించనంత ఊగుతుంది. ఆ ఊపుకు పిస్టన్లు లోపలికీ బయటికీ కదులుతుంటాయి. పాత రకం సీలుకు ఒక పక్కకే పెదవి ఉంటుంది. ఆయిల్‌ను బయటికి పోనివ్వదు కానీ ఈ కదలికకు గాలిని మాత్రం లోపలికి పీలుస్తుంది. డయల్ గేజ్ పెట్టి కొలిచి, డిస్కు వెనక షిమ్ అనే పల్చటి రేకు వేసి ఊపు తగ్గించాక పెడల్ గట్టిపడింది. మీరు చూసే కారులో వెనక రివెట్లు ఉన్నాయా, లేకపోతే ఊపు కొలిచారా అని తప్పకుండా అడగండి.

లేచే హెడ్‌లైట్లు అందరికీ ముచ్చటే. అవి మోటారుతో లేవవు, ఇంజన్ పీల్చే వాక్యూమ్‌తో లేస్తాయి. ముందు భాగమంతా సన్న రబ్బరు పైపులు, రిలేలు, ఒక వాక్యూమ్ ట్యాంకు. దాదాపు 50 ఏళ్ల రబ్బరు కాబట్టి ఎక్కడో చీలుతుంది, ఒక లైటు లేచాక రెండోది తీరిగ్గా లేస్తుంది. మా అబ్బాయికి అది కన్ను కొట్టినట్టుంటుంది, బాగు చేయొద్దని గొడవ. కానీ ఆ లీకు ఇంజన్ ఐడిలింగ్‌ను కూడా చెడగొడుతుంది. చేతితో కొట్టే చిన్న వాక్యూమ్ పంపు ఒకటి కొనుక్కుని ఒక్కో పైపూ విడిగా పరీక్షించుకుంటూ పొండి. మెకానిక్ పని రానివాళ్లు మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి పని లేదు. బరువు లేదు, ప్రమాదం లేదు, ఒక ఆదివారం గడిచిపోతుంది.

స్టార్ట్ చేసే పద్ధతి కూడా వేరు. కార్బురేటర్ బండి కదా, చల్లగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ ఒకసారి అడుగంటా తొక్కి వదలాలి, అప్పుడు చోక్ (గాలిని తగ్గించే రేకు) పడుతుంది. ఆ తర్వాతే తాళం తిప్పాలి. రెండు వారాలు కదలకపోతే కార్బురేటర్‌లోని పెట్రోల్ ఆవిరైపోయి ఉంటుంది, పంపు మళ్లీ నింపేదాకా కాసేపు తిరుగుతూనే ఉంటుంది, కంగారు పడకండి. ఇక్కడి పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు పైపుల్ని అది తినేస్తుంది. కొన్న వెంటనే పెట్రోల్ పైపులన్నీ కొత్తవి వేయించండి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ఫైబర్‌గ్లాస్ ఎలా అంటుకుంటుందో నేను చెప్పనక్కర్లేదు.

నడపడం గురించి. సీటు నేలకు అంటుకున్నట్టుంటుంది, ముందు బానెట్ పొడుగ్గా, రెండు వైపులా ఉబ్బి కనిపిస్తుంది. దాని కొస ఎక్కడుందో కనపడదు. వెనక కాయిల్ స్ప్రింగులు ఉంటాయనుకోకండి, అడ్డంగా ఒకే ఒక కమాన్ పట్టీ ఉంటుంది. అయినా వెనక చక్రాలు దేనికది విడిగా కదులుతాయి, మలుపుల్లో ఒడుపుగా తిరుగుతుంది. సరళ రేఖలో మాత్రం స్టీరింగ్ అటూ ఇటూ వెతుక్కుంటుంది. కొంత దాని స్వభావం, కొంత పవర్ స్టీరింగ్ వాల్వ్ సర్దుబాటు, కొంత వెనక చక్రాలను పట్టుకునే ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌ల అరుగుదల. టైర్లకు గీతలు బాగున్నాయని మురిసిపోకండి, పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడండి. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు ఏడాది. పదేళ్లు దాటితే ఎంత కొత్తగా కనిపించినా తీసేయాల్సిందే.

రోజూ ఎందుకు వద్దన్నానో ఇప్పటికి కొంత అర్థమై ఉంటుంది. మిగతాది కూడా వినండి. ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. వేసవిలో ఇంజన్ వేడి, సైలెన్సర్ పైపుల వేడి నేరుగా పాదాల దగ్గరికి వస్తుంది. ఏసీ పనిచేసినా పాత ఆర్-12 గ్యాస్ కాలంది, మార్పిడి చేయించుకోవాలి. ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళితే టెంపరేచర్ ముల్లు ఎక్కుతుంది. రేడియేటర్ చుట్టూ ఉండాల్సిన స్పాంజి పట్టీలు ఊడిపోతే గాలి పక్కనుంచి జారిపోవడం దీనికి ఒక కారణం, చవకైన పని, ముందు అది చూడండి. వానొస్తే టీ-టాప్, అంటే తీసిపెట్టుకునే పైకప్పు పలకల అంచుల్లోంచి తొడ మీద చుక్కలు పడతాయి. డిక్కీ తలుపే లేదు, సామాను సీట్ల వెనక నుంచి తోయాలి. ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తా తెచ్చే కారు కాదు.

చలికాలం మీకూ మాకూ ఒకటే, రోడ్ల మీద ఉప్పు. మొదటి ఉప్పు పడే ముందే లోపల పెట్టేయండి. ట్యాంకు నిండా పెట్రోల్, అందులో పెట్రోల్ చెడకుండా స్టెబిలైజర్, డ్రైవర్ సీటు వెనకున్న బ్యాటరీకి నెమ్మదిగా చార్జ్ చేసే ట్రికిల్ చార్జర్, సైలెన్సర్ మూతికి ఎలుకలు దూరకుండా స్టీలు పీచు. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయమని కొందరు చెబుతారు. వద్దు. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, తడి లోపలే మిగులుతుంది. పెడితే వసంతం దాకా కదపకండి.

కాగితాల విషయానికొస్తే, క్లాసిక్ కార్ల ఇన్సూరెన్స్ తీసుకోండి. అందులో కారు విలువ ముందే ఒప్పుకుని రాస్తారు. అయితే రోజువారీ ప్రయాణానికి వేరే కారు ఉండాలి, ఇది గ్యారేజీలో ఉండాలి అని సాధారణంగా షరతు పెడతారు. ముందు ముందు కాలిఫోర్నియాకు మారే ఆలోచన ఉంటే గుర్తుంచుకోండి, అక్కడ 1975 మోడల్ వరకే పొగ పరీక్ష మినహాయింపు, 1976 నుంచి తప్పదు.

నాకు నచ్చే రోజు ఆగస్టులో మూడో శనివారం. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది, 1995 నుంచీ నడుస్తోంది. ఎదురొచ్చే కార్వెట్ వాళ్లు చెయ్యి ఊపుతారు, మనమూ ఊపాలి, అదొక ఆనవాయితీ. అన్నట్టు నోవైలో వెంకటేశ్వర స్వామి గుడి దగ్గర వాహన పూజ కూడా చేయించాం. పూజారిగారు నిమ్మకాయలు తొక్కించి, ఇంజన్ సౌండ్ ఒకసారి వినిపించమన్నారు.

చివరగా, చూడటానికి వెళ్లినప్పుడు మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటే మీ ఎదుట స్టార్ట్ చేయించి పొగ రంగు, ఆయిల్ ప్రెషర్ చూడండి. వెచ్చగా ఉంటే కాసేపు కాఫీకి వెళ్లి, చల్లారాక రండి. ఆ లోపు ఛాసిస్, వెనక డిస్కుల ఫొటోలు పంపమని అడగండి, ఇక్కడ పెడితే నేనూ చూసి చెబుతాను.