రోమ్‌లోని సంప్రదాయ భోజనశాలలో స్థానికులలా భోంచేయడం ఎలా?

రోమ్‌లో ఇంటివంటను తలపించే భోజనశాలను ‘ట్రాటోరియా’ అంటారు. రాత్రి ఏడున్నరకు ముందు వెళ్తే చాలాచోట్ల తలుపులు మూసే ఉంటాయి. మన విస్తరిలో లాగా అన్నీ ఒకేసారి వడ్డించరు. మొదట పాస్తా, ఆ తరువాత మాంసం లేదా చేప వస్తాయి, కూరగాయలను విడిగా అడగాలి. అన్నీ తెప్పించుకోవాలన్న నియమం లేదు కనుక, ఆకలిని బట్టి రెండు చెప్పుకుంటే చాలు.

నా మాట వింటే ‘కాచో ఎ పెపె’తో మొదలుపెట్టండి. పెకొరీనో అనే గొర్రెపాల చీజ్, మిరియాలు, పాస్తా ఉడికించిన గంజినీళ్లు మాత్రమే కలిపినా, పాలమీగడ వేశారేమో అన్నంత చిక్కగా ఆ సాస్ పాస్తాను పట్టుకుంటుంది. అయితే పెకొరీనో రొమానోకు పాలు విరిచేది గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో కాబట్టి, నిష్ఠగా ఉండే శాకాహారులు ఇది గమనించాలి. పళ్లెంలో మిగిలిన సాస్‌ను రొట్టెముక్కతో తుడుచుకుని తినడాన్ని ‘స్కార్పెట్టా’ అంటారు; ఇటువంటి చోట అందుకు మొహమాటపడనక్కరలేదు.

భోజనానంతరం కాపుచీనో కాకుండా ఎస్ప్రెస్సో తాగుతారు. బిల్లు సాధారణంగా అడిగితేనే తెస్తారు. తినగానే తెచ్చిపెట్టడం అతిథిని లేవమన్నట్లు ఉంటుందని వారి భావన.