లైబ్రరీ ఉన్నా లింకర్‌కు పేరు దొరకదు

ప్రశ్న: ఏనుమాముల మార్కెట్‌లోని ఒక అడ్తి (కమిషన్ ఏజెంటు) దుకాణం కోసం సీ ప్లస్ ప్లస్‌లో తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) రాసే డెస్క్‌టాప్ అప్లికేషన్ తయారు చేస్తున్నాను. హమాలీ, దడ్వాయి (తూకం వేసేవారి కూలి) రేట్లు మారినప్పుడల్లా ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయవలసిన పని లేకుండా ఆ లెక్కలను లువా అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టులో పెట్టాను. ఉబుంటులో లువా 5.4 లైబ్రరీని రెండుసార్లు ఇన్‌స్టాల్ చేశాను. కంపైల్ అవుతున్నది కానీ, లింక్ చేసేటప్పుడు ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వరుసగా తప్పులు వస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కంపైల్ అయిందంటే లైబ్రరీ ఫంక్షన్ల ప్రకటనలుండే హెడర్ ఫైలు దొరికిందనే అర్థం, కంపైల్ అయిన ముక్కలను లైబ్రరీతో కలిపే లింకర్‌కు పని పడేది ఆ తరువాతే. కాబట్టి ఇన్‌స్టాల్ చేయడం మాని, దొరకలేదని లింకర్ చెబుతున్న పేర్లను చదవండి. ఆ వరుసలను ఉత్తరంలో యథాతథంగా రాసి ఉంటే మా పని సగం తగ్గేది.

పేరు పక్కన కుండలీకరణాలలో ‘లువా_స్టేట్’, ‘ఇంట్’ వంటి రకాలు కూడా కనిపిస్తే కారణం సీ ప్లస్ ప్లస్ కంపైలరే. అది ఫంక్షన్ పేరులో ఆర్గ్యుమెంట్ల రకాలను కలిపేస్తుంది. సీ భాషలో కంపైల్ అయిన లైబ్రరీలో ఉన్నదేమో ఒట్టి పేరు. ‘లువా.హెచ్’కు బదులు ‘లువా.హెచ్‌పీపీ’ని చేర్చుకుంటే చాలు, అందులో ఉన్న, పేర్లను సీ పద్ధతిలోనే ఉంచమని చెప్పే ఎక్స్‌టర్న్ సీ ప్రకటన ఈ చిక్కును తీరుస్తుంది.

పేరు ఒట్టిగానే ఉండి, ఒకటి రెండు ఫంక్షన్లే దొరకకపోతే వెర్షన్లు కలవలేదని అనుమానించాలి. ‘లువా_పీకాల్’ 5.1లో ఫంక్షన్, 5.2 నుంచి అది ‘లువా_పీకాల్‌కే’ను పిలిచే మాక్రో, అంటే కంపైల్‌లోనే దాని స్థానంలో ఆ రెండవ పేరు వచ్చి చేరుతుంది. అందువల్ల మొదటిది దొరకలేదంటే మీ ప్రోగ్రాము పాత 5.1 హెడర్‌ను చదువుతూ కొత్త లైబ్రరీతో లింక్ అవుతున్నది. రెండవది దొరకలేదంటే హెడర్ కొత్తది, లైబ్రరీ పాతది.

లువా పేర్లన్నీ దొరకకపోతే కమాండులోని వరుసను చూడండి. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. మీ ఆబ్జెక్ట్ ఫైళ్లకు (కంపైల్ అయిన మీ సొంత ఫైళ్లకు) ముందే లైబ్రరీ వస్తే, అప్పటికి దాని అవసరం ఎవరికీ కనిపించలేదు కనుక పక్కన పెట్టేస్తుంది. ఉబుంటులో షేర్డ్ లైబ్రరీలకూ (ప్రోగ్రాములో కలవకుండా, అది నడిచేటప్పుడు జతయ్యే వాటికి) ఇదే వరుస వర్తిస్తుంది. ఈ పొరపాటే ఎక్కువగా జరుగుతుందని మా అభిప్రాయం. లైబ్రరీల వివరాలు చెప్పే ‘పీకేజీ-కాన్ఫిగ్’ కమాండుకు లువా5.4 పేరిచ్చి హెడర్ దారినీ లైబ్రరీ పేరునూ దాని నుంచే తీసుకోండి, లైబ్రరీ భాగాన్ని కమాండు చివర ఉంచండి.

షేర్డ్ లైబ్రరీతో లింక్ చేస్తే దుకాణంలోని కంప్యూటర్‌లో కూడా అదే వెర్షన్ ఉండాలి. అక్కడ ప్రోగ్రాముపై, దానికి కావలసిన షేర్డ్ లైబ్రరీల జాబితా చూపే ‘ఎల్‌డీడీ’ కమాండు నడిపితే లేనిదేదో కనిపిస్తుంది.