వంద బస్తాల ట్రక్కు: చలానా కట్టేస్తే అయిపోతుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల పొలం, సొంత ట్రాక్టరు, దాని వెనక తగిలించే ట్రక్కు (ట్రైలరు) ఉన్నాయి. దాళ్వా కోతలప్పుడు మా ధాన్యంతోబాటు ఊళ్లోవాళ్ల ధాన్యం కూడా కిరాయికి మిల్లుకు తోలతాను. ట్రక్కుకి వంద బస్తాలు వేయడం మా దగ్గర మామూలే. మొన్న రవాణా శాఖవాళ్లు ఆపి, కాటా వేయించి, మూడు టన్నులు ఎక్కువుందని 26,000 రూపాయలు రాశారు. ఆ రోజు నేను బండి మీద లేను, డ్రైవరు ఒక్కడే వెళ్లాడు. అయినా నేనెందుకు కట్టాలి? వ్యవసాయ ట్రాక్టరుకి కూడా ఈ రూల్సు ఉంటాయా? డ్రైవరుకున్న ట్రాక్టరు లైసెన్సు ట్రక్కు తగిలిస్తే చెల్లదని కూడా ఎవరో భయపెట్టారు. ట్రాక్టరుకి ఇన్సూరెన్సు ఉంది. ట్రక్కుకి చేయించలేదు, బస్తాలు మోసే జట్టువాళ్లు మాత్రం బస్తాల మీదే కూర్చుని వస్తారు. ఆర్‌సీల ఫోటోలు పంపుతున్నాను. (ఒక రైతు)

జవాబు: మీ ఉత్తరం మొదట్లో ఉన్న 26,000 గురించి నాకు పెద్దగా బెంగ లేదు. చివర్లో ఇన్సూరెన్సు గురించి, జట్టువాళ్ల గురించి రాసింది చదివాకే టెన్షన్ పట్టుకుంది. అక్కడికి తర్వాత వస్తాను. ముందు మీరడిగినవి చూద్దాం.

మీరు పంపిన ట్రక్కు ఆర్‌సీలో ఖాళీ బరువు 1,500 కిలోలు, సరుకుతో కలిపి 6,000 కిలోలు అని ఉంది. అంటే మీరు వేయగలిగింది 4,500 కిలోలు. మన దగ్గర బస్తా అంటే 75 కిలోలు కాబట్టి సరిగ్గా అరవై బస్తాలు. మీరు వేసింది వంద. 7,500 కిలోల ధాన్యం, 1,500 కిలోల ట్రక్కు కలిసి 9,000 కిలోలైంది. మూడు టన్నులు ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద పరిమితి దాటితే 20,000, ఆపైన ఎక్కువున్న ప్రతి టన్నుకీ 2,000. మొత్తం 26,000. లెక్కలో తప్పు లేదు. 2019 సెప్టెంబరుకి ముందు ఇదే తప్పుకి 2,000, టన్నుకి వెయ్యి ఉండేది. పాత రోజుల చలానా గుర్తుపెట్టుకున్నవాళ్లకి ఇది దోపిడీలా కనిపిస్తుంది కానీ, ఇప్పుడు చట్టంలో ఉన్నది ఇదే.

కొనుగోలు కేంద్రాలిచ్చే గోనె సంచి 40 కిలోల లెక్క. ఆ సంచులైతే 112 దాకా పడతాయి. అందుకని బస్తాలు లెక్కపెట్టడం మానేసి కిలోలు లెక్కపెట్టుకోండి. ‘ఎప్పుడూ వందే వేస్తాం’ అనే మాట కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది. ఎప్పుడూ తప్పు చేస్తున్నామని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

వ్యవసాయ ట్రాక్టరు కదా అంటారా? పన్నులో రాయితీ వేరు, బరువు వేరు. 113వ సెక్షన్ రోడ్డు మీద తిరిగే ఏ మోటారు వాహనమైనా, ఏ ట్రైలరైనా ఆర్‌సీలో రాసిన బరువు దాటకూడదంటుంది. లోపలున్నది ధాన్యమా, ఇటుకా, చెరువు మట్టా అని అడగదు.

ఇక ‘నేను బండి మీద లేను’ అన్న మాట. అదే సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ మీకు అడ్డం. డ్రైవరు వేరు, యజమాని వేరు అయినప్పుడు, యజమానికి తెలిసో అతను చెబితేనో ఇది జరిగిందని కోర్టు అనుకోవచ్చు. కాదని నిరూపించుకోవలసింది మీరే. మీకు చెప్పకుండా, మీరు వద్దన్నా డ్రైవరు వేశాడని చూపించగలిగితే బయటపడతారు. కానీ మిల్లు రసీదులో రోజూ వంద బస్తాలే ఉంటే ఎవరు నమ్ముతారు? పైగా జీతానికి తోలే కుర్రాడి మీదికి నెట్టేయడం నాకు నచ్చదు. ఎన్ని బస్తాలు వేయాలో అతను నిర్ణయించడు కదా.

కాటా విషయంలో మాత్రం మీకూ హక్కులున్నాయి. 114వ సెక్షన్ ప్రకారం అధికారం ఉన్న అధికారి బండిని కాటాకి తీసుకెళ్లమనవచ్చు. ఆ కాటా మీరు వెళ్లే దారిలో ముందున్న పది కిలోమీటర్లలోపు గానీ, చేరవలసిన చోటుకి ఇరవై కిలోమీటర్లలోపు గానీ ఉండాలి. కాటా వేయించకుండా కంటితో చూసి రాసిన బరువుని కోర్టులో ప్రశ్నించవచ్చు. మీకు కాటా వేశారంటున్నారు కాబట్టి ఆ చీటీ నకలు అడిగి తీసుకోండి. బండి నంబరు, టైము, బరువు అందులో సరిపోతే కట్టేయడం మంచిది. నేనైతే ఈ కేసు కోర్టుకి తీసుకెళ్లమని చెప్పను. ఎక్కువున్న సరుకు దింపే ఖర్చు కూడా మీదే, అది దింపేదాకా బండి కదలనివ్వరు.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి. తనిఖీ ఉందని ఫోను రాగానే కాలువ గట్టు మీద బస్తాలు దింపేసేవాళ్లని చూశాను. ఆపమన్నాక ఆపకపోయినా, కాటా వేయకముందే సరుకు తీసేసినా జరిమానా 40,000. ఇరవైకి భయపడి నలభై కొని తెచ్చుకోవడమే.

లైసెన్సు భయం వదిలేయండి. ట్రాక్టరు తోలే లైసెన్సు ఉన్నవాడు ట్రక్కు తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివాడైపోడని 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 7,500 కిలోలు దాటని తేలిక వాహనాల లైసెన్సుతో అదే బరువులోని రవాణా వాహనం కూడా తోలవచ్చని 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఖాయం చేసింది. అయితే అధిక బరువుతో పట్టుబడితే ఉన్న లైసెన్సే మూడు నెలలకి తక్కువ కాకుండా సస్పెండయ్యే ప్రమాదం ఉంది. సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలకి అలాగే చెప్పింది. కోతల సీజనులో డ్రైవరు మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే మీ పని ఏమవుతుందో ఆలోచించండి.

ఇప్పుడు నా టెన్షన్ సంగతి.

చాలా ఏళ్ల కిందట మా లాయరు ఆఫీసుకి ఒక రైతు వచ్చాడు. ఆయనా మీలాగే, ట్రాక్టరుకి పాలసీ ఉంది, ట్రక్కుకి లేదు. పక్కూరి బట్టీ నుంచి ఇటుక కిరాయికి తోలుతున్నాడు. పుంతలోంచి కాలువ గట్టు ఎక్కే చోట ట్రక్కు ఒక పక్కకి ఒరిగింది. ఇటుక మీద కూర్చున్న కూలీ కిందపడ్డాడు, అతని మీద ఇటుక పడి చనిపోయాడు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో ఇన్సూరెన్సు కంపెనీ వేసిన కౌంటరు, అంటే జవాబు, రెండు పేజీలు కూడా లేదు. పాలసీ వ్యవసాయ పనికి మాత్రమే ఇచ్చాం, ఇది కిరాయి, చనిపోయిన వ్యక్తి ట్రాక్టరు మీద ప్రయాణించడానికి అర్హుడు కాదు, ట్రక్కుకి మా దగ్గర ఇన్సూరెన్సే లేదు. అంతే. ట్రిబ్యునల్ ముందు కంపెనీనే కట్టమంది, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. ఆ రైతు అరెకరం అమ్మాడు.

కూలీ కుటుంబానికి డబ్బు అందింది, అది న్యాయమే. 2007లో బ్రిజ్ మోహన్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే దారి పట్టింది. ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాక్టరు ట్రక్కు మీద నుంచి పడ్డ కూలీ విషయంలో కంపెనీకి బాధ్యత లేదంటూనే, అతను పేదవాడు కాబట్టి కంపెనీ ముందు చెల్లించి యజమాని దగ్గర రాబట్టుకోవాలంది. రాబట్టడం ఎలా? 174వ సెక్షన్ ప్రకారం ట్రిబ్యునల్ కలెక్టరుకి సర్టిఫికెట్ పంపితే, ఆ సొమ్ము శిస్తు బకాయిలాగే వసూలవుతుంది. అంటే రెవెన్యూవాళ్లు మీ పొలం దగ్గరికే వస్తారు.

ఎంత సొమ్ము? కోర్టులు వాడే లెక్కే వేసి చూపిస్తాను. ముప్పై అయిదేళ్ల జట్టు కూలీ నెలకి 15,000 సంపాదిస్తాడనుకుందాం. ఏడాదికి 1,80,000. నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడి ఉంటే నాలుగో వంతు అతని సొంత ఖర్చుకి తీసేస్తారు, 1,89,000 మిగులుతుంది. దాన్ని వయసుని బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు, ఆ వయసుకి అది 16. మొత్తం 30,24,000. అంత్యక్రియలు, కుటుంబం కోల్పోయిన తోడు వగైరా దీనికి అదనం. వడ్డీ కూడా వేస్తారు. ఇప్పుడు 26,000 ఎంత చిన్నదో చూడండి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. దారిన పోయేవాడిని మీ ట్రాక్టరు గుద్దితే, బరువు ఎక్కువుందన్న ఒక్క కారణంతో కంపెనీ తప్పించుకోవడం కష్టం. 150వ సెక్షన్‌లో కంపెనీకి ఇచ్చిన సాకుల్లో అధిక బరువు లేదు. కానీ పర్మిట్ లేకుండా కిరాయికి వాడటం ఉంది. మీ చిల్లు అక్కడే ఉంది. సొంత ధాన్యం తోలుకున్నంత కాలం మీరు రైతు. ఊళ్లోవాళ్ల ధాన్యం డబ్బుకి తోలిన నిమిషం నుంచి మీది రవాణా వ్యాపారం. దానికి తగ్గ రిజిస్ట్రేషన్, పర్మిట్ కావాలి. లేకపోతే 192ఏ సెక్షన్ కింద 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. ట్రక్కుకి పాలసీ లేని సంగతి మీద మాత్రం వాదించే అవకాశం ఉంది. ట్రాక్టరు లాగితేనే ట్రక్కు కదులుతుంది కాబట్టి ట్రాక్టరు పాలసీ చాలని మేమంటాం. ట్రక్కుకి వేరే నంబరు, వేరే ఆర్‌సీ ఉన్నాయి, వేరే ప్రీమియం కట్టాలని కంపెనీ అంటుంది. తీర్పులు రెండు పక్కలా ఉన్నాయి. ఆ వాదన మీ పొలం పందెంగా పెట్టి ఆడాల్సింది మాత్రం కాదు. మీ బండికే దెబ్బ తగిలితే కూడా, పరిమితికి మించి బరువు వేశారన్న కారణంతో వచ్చే పరిహారంలో పావు వంతు కోసే పద్ధతి ఉంది.

ప్రాణం పోతే క్రిమినల్ కేసు వేరే నడుస్తుంది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవాళ్లకి అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. పాత ఐపీసీలో రెండేళ్లే. ఇందులో మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు కీలకం. నేను మెకానిక్‌ని కాను గానీ, ఆ రిపోర్టులు చదివీ చదివీ మన ట్రాక్టర్లలో ఏవి తప్పుగా ఉంటాయో కంఠతా వచ్చాయి.

మొదటిది బ్రేకు పెడళ్లు. ట్రాక్టరుకి కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి ఉంటాయి. దమ్ము చేసేటప్పుడు మడి మూల తిప్పడానికి వాటిని కలిపే లాకు తీసేస్తారు. రోడ్డెక్కేటప్పుడు మళ్లీ వేయరు. తొమ్మిది టన్నులు వెనక తోస్తుంటే ఒక్క పెడలు మీద కాలు పడిందంటే ట్రాక్టరు అటు తిరిగిపోతుంది. మన గట్ల మీద ఒక పక్క పంట కాలువ, ఇంకో పక్క బోదె. ఎటు తిరిగినా నీళ్లే. పైగా చాలా ట్రక్కులకి సొంత బ్రేకులుండవు. రెండు టన్నుల ట్రాక్టరు వెనక చక్రాలే మొత్తం బరువుని ఆపాలి. మిల్లు గేటు ముందు నెమ్మదిగా ఆగుతుంది కదా అనుకుంటారు, గట్టు దిగేటప్పుడు ఆగదు. ట్రక్కు ముందుకి తోసుకొచ్చి ట్రాక్టరుని అడ్డంగా మడిచేస్తుంది.

రెండోది ట్రక్కుని ట్రాక్టరుకి తగిలించే కప్లింగు పిన్ను. అడుగున లాకు క్లిప్పు ఉండాల్సిన చోట తాడు ముక్కో మేకో ఉంటుంది. మూడోది బస్తాలు పేర్చిన తీరు. రెండు చక్రాల ట్రక్కులో బరువంతా ముందుకి పెడితే లాగుడు బారు కిందికి నొక్కుకుని, పుంతలోంచి గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. చక్రం నేల మీద లేకపోతే స్టీరింగు తిప్పి ఏం లాభం? వెనకి పెడితే లాగుడు బారు పైకి లేచి పిన్ను మీద భారం పడుతుంది. బరువు ఇరుసు మీద, కొంచెం ముందుకి ఉండాలని డ్రైవర్లందరికీ తెలుసు. తొందరలో జట్టువాళ్లు ఎలా పడితే అలా వేస్తారు. చీకటి పడ్డాక 216 హైవే మీద వెనక లైటు, రిఫ్లెక్టరు స్టిక్కరు లేని ట్రక్కు ఆపి ఉంచడం గురించి వేరే చెప్పక్కర్లేదు. వెనక నుంచి వచ్చి గుద్దినవాడిదే తప్పని ట్రిబ్యునల్ ప్రతిసారీ అనదు.

మీరు చేయాల్సింది చెబుతాను. కాటా చీటీ చూసుకుని చలానా కట్టండి, రసీదు దాచండి. ఆర్‌సీ బరువు పెయింటుతో ట్రక్కు పక్క పలక మీద పెద్దగా రాయించండి, జట్టు మేస్త్రీకి ‘అరవై’ అని చెప్పండి. మీరు రెండు ట్రిప్పులు వేస్తానంటే డీజిలు డబ్బు ఎవరు పెట్టుకోవాలో మిల్లు గుమస్తా మీతో గొడవపడతాడు, పడనివ్వండి. కిరాయి మానలేకపోతే రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లి కమర్షియల్‌గా మార్చుకోండి, ఇన్సూరెన్సు ఏజెంటుకి కిరాయి సంగతి దాచకుండా చెప్పండి. జట్టువాళ్లని బస్తాల మీద ఎక్కించకండి, ఆటో కిరాయి ఇచ్చి పంపండి. ట్రక్కు నంబరు రాసిన పాలసీ చేతికి వచ్చేదాకా ట్రక్కుని చావడి దాటనివ్వకండి.