గార్డు లేని బండి

చిరంజీవికి,

నెబ్రాస్కాలో హైవే 2 పక్కన నిలబడి గూడ్స్ బళ్లు చూసిన సంగతి రాసి పంపావు. చదివాను. వాక్యం నడపడం నీకు వచ్చు, దాని గురించి నాకు బెంగ లేదు. నా పేచీ అంతా చివరి పేరాతోనే. బండి వెళ్లిపోతుంటే వెనక పెట్టెలోంచి గార్డు పచ్చజెండా ఊపాడని రాశావు. ఆ లైన్లో గార్డు ఎక్కడున్నాడు నాయనా! అమెరికా గూడ్స్ బళ్లకు గార్డు పెట్టెలు తీసేయడం 1980ల్లోనే ఊపందుకుంది. ఇప్పుడు చివరి వ్యాగన్‌కు ఎర్రదీపం మెరిసే చిన్న పరికరం తగిలిస్తారు. బ్రేకు గొట్టంలో గాలి ఎంతుందో అది రేడియోలో ముందుకు చెబుతుంటుంది. బొగ్గు బళ్లకైతే చాలాసార్లు వెనక కూడా ఇంజిన్ ఉంటుంది. అందులో మనిషి ఉండడు, ముందున్న డ్రైవరే రేడియోతో నడుపుతాడు. సుమారు రెండు కిలోమీటర్ల బండిని మనిషి లేని ఇంజిన్ వెనక నుంచి తోసుకుపోతుంటే, నువ్వు పాత జ్ఞాపకంలోంచి జెండా తెచ్చి అతికించావు.

వర్ణన తగ్గించమని నేననను. బండి ఏ పని మీద పోతోందో ముందు తెలుసుకో. అక్కడ తూర్పుకు పోయే బొగ్గు బళ్లు వయోమింగ్‌లోని పౌడర్ రివర్ గనుల్లో నింపుకొచ్చినవి, పడమటికి పోయేవి ఖాళీవి. ఒక్కో వ్యాగన్‌లో వంద టన్నులకు పైగా బొగ్గు. నిండు బండికి కాళ్ల కింద నేల అదురుతుంది, ఖాళీది డబడబలాడుతూ పోతుంది. నీ వ్యాసంలో రెండూ ఒకేలా గర్జించాయి.

హారన్ 'కూ' అందట! లెవెల్ క్రాసింగ్ దగ్గర వాళ్ల నియమం గురువు, గురువు, లఘువు, గురువు. ఛందస్సు చదువుకున్నవాడివి, త గణం మీద ఇంకో గురువని చెవికి తట్టలేదా?

'చదునైన మైదానం' అన్న మాట కూడా కొట్టెయ్. నువ్వు నిలబడ్డ సాండ్‌హిల్స్ ప్రాంతమంటే గడ్డి పట్టి కదలకుండా నిలిచిన ఇసుక దిబ్బలు, దాదాపు 50,000 చదరపు కిలోమీటర్లు. వాటి మధ్య పట్టాలు కొంత దూరం మిడిల్ లూప్ నదిని పట్టుకుని పోతాయి, బరువు బళ్లకు అదే తేలిక దారి కాబట్టి. 1888లో అలయన్స్ ఊరి దాకా లైను వేసినవాళ్లు అందం కోసం వేయలేదు. అందం మనకు దక్కిన కొసరు.

2008 తర్వాత అమెరికాలో బొగ్గు తవ్వకం బాగా తగ్గింది, బొగ్గు బళ్లూ పలచబడ్డాయి. అంటే నువ్వు ఎక్కువసేపు ఎదురుచూసే ఉంటావు. ఆ సేపట్లో ఏం చూశావో ఒక్క ముక్క లేదేం? నాకు కావలసింది అదే.

ఇంకొకటి. థెడ్‌ఫర్డ్‌లో పదింటికి చూసిన బండిని మల్లెన్ దగ్గర పదిన్నరకు మళ్లీ పట్టుకున్నానన్నావు. ఆ రెండు ఊళ్ల మధ్య టైమ్ జోన్ మారుతుంది, మల్లెన్ గడియారం గంట వెనక. ఏ ఊరి టైమ్ రాశావో సరిచూసుకుని, దిద్దిన ప్రతి పంపు.

ఆశీస్సులతో.